యమహా ఆర్15 వీ3 బైక్ ఫెయిరింగ్ (చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు) ఇంట్లోనే విప్పాలి, లాకులు విరగకుండా ఎలా?

మంగళగిరి_వీ3:

అందరికీ నమస్కారం. నాది 2019 మోడల్ ఆర్15 వీ3, నీలం రంగు. ఏలూరులో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాను. బండి చక్కగా ఉంది, ఇంజన్‌కి వంక పెట్టడానికి లేదు. నన్ను ఇబ్బంది పెడుతున్నవి రెండు. వర్షాకాలమంతా కాలవ కట్ట మీద రోడ్డులోనే తిరిగాను కాబట్టి రేడియేటర్ రెక్కల నిండా బురద, పురుగులు పట్టేశాయి. వెనక నుంచి టార్చి వేసి చూస్తే కింది సగంలో వెలుతురు ఇవతలికి రావడం లేదు. బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర కాసేపు ఆగితే చాలు, ఫ్యాను మాటిమాటికీ తిరుగుతోంది. ఇక రెండోది, 5000 ఆర్‌పీఎం దాటగానే ఎడమ వైపు ఫెయిరింగ్ నుంచి జుయ్‌మని మోత వస్తుంది. అక్కడ మోకాలితో నొక్కిపెడితే ఆగిపోతుంది.

పోయినసారి ఒక వర్క్‌షాపులో సర్వీసుకి ఇస్తే ఫెయిరింగ్ విప్పారు. ఇంటికి తెచ్చాక చూసుకుంటే కింద ఒక బోల్టు లేదు, ట్యాంకు దగ్గర ప్యానెల్ అంచు కొంచెం లేచి ఉంది. వెళ్లి అడిగితే ముందే అలా ఉందన్నారు. గొడవ పెట్టుకోవడం ఇష్టం లేక వచ్చేశాను. ఈసారి నా బండి నేనే విప్పుకోవాలని గట్టిగా అనుకుంటున్నాను.

నా దగ్గర అలెన్ కీల సెట్టు, మామూలు స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబరు స్పానర్ ఉన్నాయి. చక్రం ఎత్తి బండిని నిటారుగా నిలబెట్టే ప్యాడాక్ స్టాండ్ లేదు. బండి మా ఇంటి కింద కారు షెడ్డులో, గచ్చు మీద పెట్టుకోవచ్చు, నీడ ఉంటుంది. వీడియోలు చూశాను. అందరూ చకచకా లాగేస్తున్నారు, అసలు చెయ్యి ఎక్కడ పెట్టి లాగారో కనబడటం లేదు. నాకు తెలియాల్సింది అదే. ముందు ఏది విప్పాలి, కనబడని క్లిప్పులు ఎక్కడ ఉంటాయి, ఎంత గట్టిగా లాగొచ్చు? లాకు విరిగితే కొత్త ప్యానెల్ కొనాల్సిందేనా? బండి మీద చెయ్యి వేసిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి అన్నా.


తెనాలి_రోడ్డు:

బ్రదర్, ముందు ఒక మాట. బండి ఎక్కడైనా పడి దెబ్బ తిని, మీరు ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేసే ఆలోచనలో ఉంటే మాత్రం ఇప్పుడే విప్పకండి. కంపెనీకి చెప్పి, సర్వేయర్ చూశాకే విప్పాలి. అదేమీ లేదు, క్లీనింగే అంటే నిస్సంకోచంగా చేసుకోవచ్చు. ప్యాడాక్ స్టాండ్ ఉంటే సుఖం గానీ, లేకపోయినా ఫెయిరింగ్ పనికి సైడ్ స్టాండ్ చాలు. ఫస్ట్ గేర్‌లో పెట్టండి, స్టాండ్ కింద చెక్క పెట్టండి, ముందు బ్రేకు లివర్‌ని గట్టి రబ్బరు బ్యాండుతో హ్యాండిల్‌కి కట్టేయండి. బండి కదలదు. సైలెన్సర్ పైపు పూర్తిగా చల్లారాకే చెయ్యి పెట్టండి.

మిగతాది ఆటోనగర్ అన్న వచ్చి చెప్తే బాగుంటుంది.


ఆటోనగర్_పెయింటర్:

తమ్ముడూ, నేను విజయవాడ ఆటోనగర్‌లో బండ్లకి పెయింటింగ్ చేస్తాను. నా దగ్గరికి వచ్చే ఫెయిరింగుల్లో యాక్సిడెంట్‌లో పగిలినవి ఎన్నో, విప్పేటప్పుడు విరిగినవీ అన్ని ఉంటాయి. విరిగిన ముక్క చేతిలో పెట్టగానే ఎక్కడ పట్టుకుని లాగారో నాకు తెలిసిపోతుంది. అందుకే నీకు లోపలి వైపు నుంచి చెప్తాను. బయటి వైపు నుంచి చూస్తే ఈ పని ఎప్పటికీ అర్థం కాదు.

ఎడమ ఫెయిరింగ్ ఊడదీసి తిరగేసి చూశావనుకో, లోపల మూడు రకాల పట్టు కనబడుతుంది. బోల్టు పట్టే చోటు ఒకటి. అక్కడ ప్లాస్టిక్ మందంగా ఉంటుంది, దాని వెనక రేకు నట్టో ఇత్తడి నట్టో ఉంటుంది. అది అంత తేలిగ్గా విరగదు. రెండోది అంచుల వెంట ఉండే నాలుకలు. ఒక ప్యానెల్ నాలుక పక్క ప్యానెల్ గాడిలో దూరి ఉంటుంది. మూడోది పిన్ను. ప్యానెల్ లోపలి వైపు పొట్టిగా పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ కొయ్య, అది ఛాసిస్‌కో ట్యాంకు పక్కనో ఉన్న రబ్బరు బుష్‌లోకి, అంటే రంధ్రం ఉన్న చిన్న రబ్బరు బిళ్లలోకి దిగి ఉంటుంది. బయట నుంచి చూస్తే అక్కడ ఏమీ ఉండదు, బోల్టూ ఉండదు, క్లిప్పూ ఉండదు. నా దగ్గరికి వచ్చేవన్నీ ఈ పిన్నులూ, ఆ నాలుకలే.

పిన్ను ఎందుకు విరుగుతుందో చెప్తాను. బోల్టులన్నీ తీసేశాక మనిషి ఏం చేస్తాడంటే, ప్యానెల్ కింది అంచు రెండు చేతులతో పట్టుకుని తలుపు తెరిచినట్టు బయటికి లాగుతాడు. కింద నువ్వు అంగుళం లాగితే పైన పిన్ను బుష్‌లోనే పక్కకి వంగుతుంది. పిన్ను నేరుగా బయటికి వచ్చేలా చేశారు గానీ పక్కకి వంగడానికి కాదు. మొదట్లో, అంటే ప్యానెల్‌కి అతుక్కున్న చోట, సన్నటి తెల్ల గీత పడుతుంది. నల్ల ప్లాస్టిక్ మీద అది బాగా కనబడుతుంది. ఆ తెల్ల గీత పడిందంటే ప్లాస్టిక్ సాగిపోయింది, ఇంకొక్క లాగుడుకి టప్పున పోతుంది. ఎక్కడ ఆ తెలుపు కనబడినా చెయ్యి తీసేయి. వెనక్కి నెట్టి, మళ్లీ మొదటి నుంచి చూసుకో.

పిన్ను తీసే పద్ధతి ఇదీ. పిన్ను ఎక్కడుందో ముందు కనుక్కోవాలి. ప్యానెల్ మీద వేళ్లతో మెల్లగా తట్టుకుంటూ పో, పట్టు లేని చోట డొల్ల శబ్దం వస్తుంది, పిన్ను ఉన్న చోట గట్టిగా వస్తుంది. ఇంకా అనుమానంగా ఉంటే ఫోన్‌లో టార్చి వేసి, సందులోకి కెమెరా పెట్టి వీడియో తియ్యి. పిన్ను దొరికాక అరచెయ్యి సరిగ్గా దాని పక్కనే పెట్టి, వేళ్లు అంచు లోపలికి పోనిచ్చి, నేరుగా నీ వైపుకి లాగు. పైకీ కాదు, కిందికీ కాదు. కొంచెం మొండిగా ఉంటే సబ్బు నీళ్లు రెండు చుక్కలు బుష్ మీద పడేలా వేసి కాసేపు ఆగు. పుట్‌మని బయటికి వస్తుంది. ఆ శబ్దానికి మొదటిసారి గుండె ఝల్లుమంటుంది, కంగారు పడకు, రబ్బరు పిన్నుని వదిలిన శబ్దమే అది. ఒక పిన్ను వచ్చాకే రెండోదాని దగ్గరికి పో.

ఎంత గట్టిగా లాగొచ్చు అని అడిగావు. బోల్టులు, క్లిప్పులు అన్నీ తీసిన ప్యానెల్‌కి నాలుగు వేళ్ల బలం చాలు. భుజం బలం వాడాల్సి వస్తోందంటే ఇంకా ఒక బోల్టో క్లిప్పో లోపల మిగిలే ఉంది. ఇందులో మినహాయింపు లేదు. అప్పుడు లాగడం ఆపి వెతకాలి. సాధారణంగా దొరికే చోట్లు చెప్తాను. హ్యాండిల్ పూర్తిగా ఒక వైపు తిప్పి ఫోర్కు వెనక ఫెయిరింగ్ లోపలి అంచు చూడు. ఇంకో వైపు తిప్పి మళ్లీ చూడు. బండి కింద పడుకుని ఎడమ, కుడి ప్యానెళ్లు కలిసే చోట చూడు, అక్కడ బురద కప్పేసి క్లిప్పు కనబడదు. మీటర్ పక్కన ఉండే లోపలి నల్ల ప్యానెల్ కింద చూడు. సీటు తీసి, ట్యాంకు పక్కన చిన్న ప్యానెళ్ల అంచులు చూడు. బోల్టుల చోట్లు వీ2కి, వీ3కి, వీ4కి మారతాయి కాబట్టి ఎవరో చెప్పిన లెక్క పట్టుకోకు. నీ మోడల్ పార్ట్స్ కేటలాగ్‌లో ఆ ప్యానెల్ బొమ్మ దొరుకుతుంది. ప్రతి బోల్టు, ప్రతి వాషర్, ప్రతి రబ్బరు బుష్ విడివిడిగా గీసి, ఎన్ని ఉండాలో కూడా రాసి ఉంటుంది. ఆ బొమ్మ ఫోన్‌లో పెట్టుకుని కూర్చో. నాకు ఏ వీడియో కన్నా అదే నమ్మకం.

ముందు ఏది విప్పాలంటే, ఏ ప్యానెల్ అంచు ఇంకోదాని మీద ఎక్కి ఉందో అది ముందు రావాలి. సీటు, ట్యాంకు పక్క చిన్న ప్యానెళ్లు, హ్యాండిల్ దగ్గరి లోపలి ప్యానెళ్లు, ఆ తర్వాత కింద పొట్ట భాగం, చివర్లో పక్క ఫెయిరింగ్. నీకు రేడియేటర్ కోసం ముందు మూతి భాగం, హెడ్‌లైటు ముట్టుకోవాల్సిన పనే లేదు. అవసరం లేనిది విప్పకు.

క్లిప్పుల గురించి. మధ్యలో గుండ్రటి చిన్న బొడిపె ఉన్న నల్ల ప్లాస్టిక్ క్లిప్పు కనబడితే దాన్ని స్క్రూడ్రైవర్‌తో పెకలించకు. మధ్య బొడిపెని సన్నటి అలెన్ కీతో లోపలికి నొక్కు, రెండు మూడు మిల్లీమీటర్లు, టిక్‌మని ఆగేదాకా. అంతే, క్లిప్పు మొత్తం వదులై వచ్చేస్తుంది. ఎక్కువ నొక్కితే బొడిపె అవతలికి దూరి బండి లోపల పడిపోతుంది. మళ్లీ పెట్టేటప్పుడు బొడిపెని వెనక నుంచి పైకి తోసి, క్లిప్పు రంధ్రంలో పెట్టి, బొడిపె మట్టంగా అయ్యేలా నొక్కాలి. ఇంకో రకంలో బొడిపె మీద స్టార్ గాడి ఉంటుంది, దాన్ని తిప్పి పైకి తీయాలి. బురద పట్టిన క్లిప్పుని ముందు నీళ్లతో, పాత టూత్ బ్రష్‌తో కడిగాకే ముట్టుకో. ఇసుక ఉంటే బొడిపె లోపలికి దిగదు, తల పగిలిపోతుంది. ఈ క్లిప్పులు చాలా చవక, పది కొని ఇంట్లో పెట్టుకో.

విప్పిన ప్యానెల్‌ని గచ్చు మీద ఆనించకు. దుప్పటి బాగా దులిపి, రెండు మడతలు వేసి, రంగు వైపు కిందకి పెట్టు. దుప్పట్లో ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీలం రంగు మీద గీత పడుతుంది, ఆ గీత పోవాలంటే నా దగ్గరికి రావాలి.


కూకట్‌పల్లి_సీబీఆర్:

పెయింటర్ గారు చెప్పిన పిన్ను సంగతి అక్షరాలా నిజం. నాది హోండా సీబీఆర్ 250ఆర్. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పార్కింగ్ స్లాట్‌లోనే విప్పుకుంటాను. వాచ్‌మన్ బాబాయి టార్చి పట్టుకుంటాడు, మా కాంప్లెక్స్ పిల్లలంతా చుట్టూ మూగుతారు. ఒక అమ్మాయి బండి విప్పుతోందంటే సలహా ఇవ్వని మనిషి ఉండడు, కాబట్టి ఈ పని ఎలా పద్ధతిగా చేయాలో నాకు బాగా అలవాటైంది. బోల్టుల విషయం నేను చెప్తాను.

మంగళగిరి బ్రో, ఒక పెద్ద అట్టపెట్టె ముక్క తీసుకోండి. దాని మీద బండి ఎడమ పక్క బొమ్మ స్కెచ్ పెన్నుతో సుమారుగా గీయండి. విప్పిన బోల్టుని విప్పినట్టే, బండి మీద అది ఎక్కడుండేదో బొమ్మలో అక్కడే అట్టకి గుచ్చేయండి, వాషర్‌తో సహా. కుడి పక్కకి ఇంకో అట్ట. బోల్టులన్నీ గిన్నెలో వేస్తే మళ్లీ బిగించేటప్పుడు ఏది ఎక్కడిదో తెలియక తల పట్టుకోవాలి. చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి, పొడవులు వేరు. పొట్టిది ఉండాల్సిన చోట పొడవుది పెడితే లోపల రేడియేటర్‌కో వైరుకో తగలొచ్చు. కొన్ని బోల్టులకి మెడ ఉంటుంది, అంటే తల కింద కొంత దూరం మరలు లేకుండా నున్నగా ఉంటుంది. ప్లాస్టిక్ నలగకుండా ఆపేది ఆ మెడే. దాని చోట మామూలు బోల్టు పెట్టి బిగిస్తే ప్యానెల్ చిట్లుతుంది.

మీ మోతకి కారణం కూడా అక్కడే ఉంటుందని నా అనుమానం. బోల్టు లేదన్నారు కదా. దాంతోపాటు రబ్బరు వాషరో, లోపలి బుష్షో కూడా పోయి ఉండొచ్చు. ప్యానెల్ ప్లాస్టిక్ నేరుగా ఇనుముకి తగిలితే ఒకానొక ఆర్‌పీఎంలో అలాగే మోగుతుంది.

ఇంకో ముఖ్యమైనది ఇండికేటర్ కప్లర్, అంటే వైర్లు కలిసే ప్లాస్టిక్ ప్లగ్గు. పక్క ప్యానెల్ బయటికి రాగానే గబుక్కున పక్కకి తీసుకెళ్లకండి, వైరు ఇంకా బండికే ఉంటుంది. ప్యానెల్‌ని మోకాలి మీద ఆనించుకుని కప్లర్ వెతకండి. దాని మీద చిన్న లాకు ఉంటుంది, అది నొక్కిపట్టి ప్లాస్టిక్ దగ్గరే పట్టుకుని లాగాలి. వైరు పట్టుకుని లాగితే కప్లర్ లోపలి లోహపు పిన్ను జారుతుంది, తర్వాత ఇండికేటర్ ఒకసారి వెలిగి ఒకసారి వెలగక విసిగిస్తుంది. ఈ ఒక్క దగ్గర ఇంకో మనిషి తోడుంటే మంచిది.

స్టార్ స్క్రూడ్రైవర్ గురించి కూడా ఒక మాట. జపాన్ బండ్ల స్టార్ స్క్రూలు జేఐఎస్ కొలతవి. తల మీద చిన్న చుక్క ఉంటే అదే గుర్తు. మన మామూలు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, జారి గాడి అరిగిపోతుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ ఒక్కటి కొనుక్కుంటే జీవితాంతం పనికొస్తుంది.


మంగళగిరి_వీ3:

అందరికీ చాలా థాంక్స్. ఈరోజు ఆదివారం కాబట్టి పొద్దున్నే మొదలుపెట్టాను. సీటు, చిన్న ప్యానెళ్లు వచ్చేశాయి. పెయింటర్ అన్న చెప్పినట్టు తట్టి చూస్తే పిన్ను ఉన్న చోటు నిజంగానే తెలిసిపోయింది, అరచెయ్యి పెట్టి లాగితే పుట్‌మని వచ్చింది. ఇప్పుడు కింద రెండు చోట్ల ఆగిపోయాను. ఒక బోల్టు ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంది, బయటికి రావడం లేదు. ఇంకోదాని తలలో 4 నంబరు అలెన్ కీ జారుతోంది, లోపల గాడి గుండ్రంగా అయిపోయింది. అది పోయినసారి వాళ్ల చేతిలోనే అరిగినట్టుంది, నేను దాన్ని ఇప్పుడే మొదటిసారి ముట్టుకున్నాను. బలవంతం చేయకుండా ఆపేసి ఇక్కడికి వచ్చాను.


ఆటోనగర్_పెయింటర్:

ఆపేసి మంచి పని చేశావు తమ్ముడూ.

తిరుగుతూ ఉన్న బోల్టు సంగతి ముందు. వెనక ఉన్న రేకు నట్టు తన చోటు నుంచి వదిలి బోల్టుతో పాటే తిరుగుతోంది. చెయ్యి లోపలికి పడితే సన్న ముక్కు కటింగ్ ప్లేయర్‌తో నట్టుని పట్టుకో. చెయ్యి పట్టదంటే, ప్యానెల్ అంచుని బోల్టు పక్కనే పట్టుకుని నీ వైపుకి కొంచెం లాగిపెట్టు, అలా లాగిపెట్టే బోల్టుని నిదానంగా విప్పు. ఆ లాగుడుకి నట్టు ప్యానెల్‌కి వెనక నుంచి అతుక్కుని నిలబడుతుంది, మరలు వదలడం మొదలవుతుంది. కొంచెం అంటే కొంచెమే. తెల్ల గీత సంగతి గుర్తుంది కదా.

అరిగిన తలకి, ముందు గాడిలో ఉన్న మట్టిని సూదితో గీకి తీసేయి. సగం కేసుల్లో గాడి అరగదు, అడుగున మట్టి గట్టిపడి కీ పూర్తిగా దిగదు, అందుకే జారుతుంది. శుభ్రం చేశాక కీని పెట్టి చిన్న సుత్తితో మెల్లగా తట్టి కూర్చోబెట్టి తిప్పు. చివర గుండ్రంగా బంతిలా ఉండే కీ వైపు వాడకు, అది వదులైన బోల్టుని తిప్పడానికే. అప్పటికీ జారితే టార్క్స్ బిట్, అంటే ఆరు మూలల నక్షత్రం బిట్, టీ25 తెచ్చుకో. 4 నంబరు గాడిలో అది బిర్రుగా దిగుతుంది, తట్టి దించి తిప్పితే వచ్చేస్తుంది. 5 నంబరు గాడి అరిగితే టీ30. ఆ బోల్టు మళ్లీ వాడకు. మన ఆటోనగర్‌లో ఏ నట్లు బోల్టుల కొట్టుకైనా పాతది పట్టుకెళ్లి చూపించు, అదే పొడవు, అదే మెడ ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టు ఇస్తారు.

తుప్పు వదిలించడానికి పెట్రోలు పోయొద్దు. ఈ మాట కాస్త గట్టిగానే చెప్తున్నాను, ఎందుకంటే మన దగ్గర అందరి చేతిలో ముందుండేది పెట్రోలు గుడ్డే. ఫెయిరింగ్ ఏబీఎస్ ప్లాస్టిక్. బోల్టు బిగువు మీదున్న చోట పెట్రోలు తగిలితే ఆ రోజు ఏమీ కనబడదు, కొన్నాళ్లకి రంధ్రం చుట్టూ సన్నటి వెంట్రుక పగుళ్లు వస్తాయి. బోల్టులు వదులు కాకుండా పూసే థ్రెడ్ లాక్ ద్రవం కూడా ఏబీఎస్‌కి అంతే చేటు. ఇంజన్ బోల్టులకి వాడుకో, ప్యానెల్ బోల్టులకి వద్దు.


వరంగల్_మెకానిక్:

రేడియేటర్ దాకా వచ్చాక ఒక జాగ్రత్త సార్. ఇంజన్ పూర్తిగా చల్లారాకే నీళ్లు కొట్టండి. ప్రెషర్ వాషర్ అస్సలు వద్దు, అల్యూమినియం రెక్కలు కాగితమంత పలచగా ఉంటాయి, ఒక్క దెబ్బకి పడుకుంటాయి. తోటకి నీళ్లు పెట్టే పైపు చాలు. ఇంజన్ వైపు నుంచి బయటికి వచ్చేలా కొట్టాలి, ఎందుకంటే బురద ముందు నుంచి లోపలికి దూరింది. ముందు నుంచి కొడితే ఇంకా లోపలికి పోతుంది. ఫ్యాను మోటారు మీద, కప్లర్ మీద నీళ్లు పడకుండా చూసుకోండి. గట్టి బురదకి షాంపూ నీళ్లు చల్లి, నానాక మెత్తటి బ్రష్‌తో రెక్కలు ఎటు ఉంటే అటే తీయండి. ఎండిపోయాక మళ్లీ టార్చి వేసి చూడండి.

విప్పే ఉంది కాబట్టి పైపుల క్లిప్పుల దగ్గర తెల్లగా గానీ పచ్చగా గానీ మరక ఉందేమో చూడండి, ఉంటే కూలెంట్, అంటే ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, కారుతున్నట్టే. రిజర్వ్ ట్యాంకులో మట్టం రెండు గీతల మధ్య ఉండాలి. తగ్గితే కూలెంటే పోయాలి, కుళాయి నీళ్లు పోయొద్దు. వేడి మీద రేడియేటర్ మూత తీయొద్దు, లోపల ప్రెషర్ ఉంటుంది, మరిగే నీళ్లు ముఖం మీదికి చిమ్ముతాయి. కూలెంట్ నేల మీద ఒలికితే వెంటనే కడిగేయండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, వాటికి విషం.


మంగళగిరి_వీ3:

అయిపోయింది! తిరిగే బోల్టు అంచు లాగిపెట్టగానే వచ్చింది. ఇంకోదానికి సూదితో తవ్వితే ఎర్రమట్టి బయటికి వచ్చింది, తర్వాత 4 నంబరు కీ నిండుగా కూర్చుంది. టార్క్స్ బిట్ అవసరమే పడలేదు. రేడియేటర్ కడిగాను, ఇప్పుడు టార్చి వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు నిండా వస్తోంది.

కూకట్‌పల్లి అక్కా, మీ అనుమానం సరైనదే. బోల్టు లేని చోట లోపల బుష్ కూడా లేదు. ప్యానెల్ ప్లాస్టిక్ బ్రాకెట్ ఇనుముకి రాసుకుని రంగు పోయి మెరుస్తోంది. ఇంకోటి కూడా బయటపడింది. ట్యాంకు దగ్గర అంచు లేచిన చోట పిన్ను విరిగి ఉంది, విరిగిన ముక్క రబ్బరు బుష్‌లోనే ఇరుక్కుని ఉంది. ముక్కని జాగ్రత్తగా తీసి దాచాను. పిన్ను మొదట్లో పాత మురికి పట్టి ఉంది కాబట్టి చాలా రోజుల కిందటే విరిగి ఉంటుంది. కొత్త ప్యానెల్ రేటు అడిగితే కళ్లు తిరిగాయి. ఇన్‌స్టంట్ గమ్‌తో అతికించమని మా నాన్న అంటున్నారు. అతికించొచ్చా?


ఆటోనగర్_పెయింటర్:

ప్యానెల్ కొనకు. ఇన్‌స్టంట్ గమ్ కూడా వద్దని నాన్నగారికి నా మాటగా చెప్పు. గమ్ గట్టిగానే పడుతుంది గానీ పెళుసుగా ఉంటుంది, పిన్ను లాగిన మొదటిసారే టక్కున ఊడుతుంది. పైగా పాత గమ్ పొర మీద తర్వాత వేరే ఏ అతుకూ నిలవదు, నేను దాన్నంతా గీకి తీయాల్సి వస్తుంది.

ముందు ప్యానెల్ లోపలి వైపు అక్షరాలు వెతుకు. రెండు బాణం గుర్తుల మధ్య ఏబీఎస్ అని అచ్చు పడి ఉంటే పని తేలిక. పీపీ (పాలీప్రొపిలీన్ అనే వేరే ప్లాస్టిక్) అని ఉంటే నేను ఇప్పుడు చెప్పబోయేది పనిచేయదు. పీపీ అసిటోన్‌కి కరగదు, దానికి పీపీ కడ్డీతో వేడి మీద వెల్డింగ్ చేయాలి, అది మా పని.

ఏబీఎస్ అయితే, పగిలిన పాత ఫెయిరింగ్ ముక్క ఒకటి సంపాదించు. అది కూడా ఏబీఎస్సే అయి ఉండాలి, రంగు గీకేయాలి. దాన్ని గోరంత ముక్కలుగా కత్తిరించి గాజు సీసాలో వేసి, అవి మునిగేదాకా శుద్ధమైన అసిటోన్ పోసి మూత పెట్టి రాత్రంతా ఉంచు. గోళ్ల రంగు తుడిచే ద్రవం వాడకు, అందులో నూనె, వాసన కలుపుతారు. తెల్లారేసరికి ముద్ద చిక్కగా అవుతుంది, పుల్లతో ఎత్తితే తీగ సాగాలి. పలచగా ఉంటే ఇంకో నాలుగు ముక్కలు వేయి. ఈ పనంతా ఆరుబయట గాలిలో చెయ్యి, పొయ్యి దగ్గర వద్దు, దగ్గర్లో బీడీ కూడా వెలిగించనివ్వకు. అసిటోన్ ఆవిరి పెట్రోలు ఆవిరిలాగే అంటుకుంటుంది.

విరిగిన రెండు వైపులా 120 నంబరు ఎమరీ పేపర్‌తో గరుకు చెయ్యి. రెండు ముఖాలకీ వట్టి అసిటోన్ ఒక్క తడి తగిలించి, మెత్తబడగానే ముక్కని దాని చోట నొక్కి నిలబెట్టు. పిన్ను నిటారుగా ఉందా లేదా అని రెండు వైపుల నుంచి చూడు, ఇప్పుడు వంకర ఉంటే తర్వాత బుష్‌లో పడదు. కదలకుండా టేపుతో కట్టి, మొదట్లో చుట్టూ ఆ ముద్ద పలచగా రాయి. ఎండాక ఇంకో పూత, అది ఎండాక ఇంకోటి. ఒకేసారి దట్టంగా మెత్తకు. అసిటోన్ ఎక్కువైతే ప్లాస్టిక్ అవతలి వైపుకి కూడా మెత్తబడి, బయట నీలం రంగు మీద ముడత లేస్తుంది. ఆ ముడత వస్తే పిన్ను బాగై, రంగు పాడవుతుంది. పైకి ఆరినట్టే ఉంటుంది గానీ లోపల ఇంకా మెత్తగానే ఉంటుంది, కనీసం రెండు రోజులు ముట్టుకోకు. నిజానికి ఇలా అతికిన చోటు, అన్ని వైపులా ముద్ద పట్టడం వల్ల, మొదట ఉన్నదానికన్నా లావుగా తయారవుతుంది. బుష్‌లోకి దిగే కొనకి మాత్రం ముద్ద అంటనీయకు.

బిగించేటప్పుడు బుష్‌కి సబ్బు నీళ్లు రాసి పిన్నుని నేరుగా నొక్కు. బోల్టులన్నీ ముందు చేత్తోనే రెండు మూడు చుట్లు ఎక్కించి వదిలేయి. ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి పోతే చివరి రంధ్రం కలవదు, అప్పుడు దాన్ని గుంజి కలపాలనిపిస్తుంది, అక్కడే చిట్లుతుంది. అన్నీ ఎక్కాక, పొట్టి అలెన్ కీని రెండు వేళ్లతో పట్టుకుని, వాషర్ ఆనేదాకా బిగించి ఆపేయి. చివరి ప్యానెల్ పెట్టకముందే తాళం తిప్పి ఇండికేటర్లు, హారన్, లైటు చూసుకో. హ్యాండిల్ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పి వైరు ఏదీ నలగడం లేదని చూడు.

పోయిన బుష్షూ, బోల్టూ పార్ట్ నంబరు చెప్పి షోరూములో ఆర్డర్ పెట్టు, అవి వచ్చేదాకా ఆ చోట ఇనుము తగలకుండా పాత సైకిల్ ట్యూబు ముక్క కత్తిరించి పెట్టుకో. అతికించాక పిన్ను ఫోటో ఒకటి లోపలి వైపు నుంచి తీసి ఇక్కడ పెట్టు, బిగించే ముందే చూసి చెప్తాను.